పదహారుగురి ఆట

మాలీ లూగ్ గ్రామం
1910 ఫిబ్రవరి 9

ఫెవ్రోనియా సావెల్యెవ్నా అనే నేను, కాలం చేసిన పీపాల వడ్రంగి నికీతా భార్యను. వయసు డెబ్బై నాలుగు. చర్చి పుస్తకంలో డెబ్బై ఆరని ఉందట, ఆ రాసినవాడేమన్నా నన్ను కన్నాడా? మా ఇంట్లో ఉన్నది కొడుకు దెమ్యాన్, కోడలు లుకేర్యా, వాళ్ళ ఆడపిల్లలు ముగ్గురు, ఆవు ఒకటి, మేకలు రెండు, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కచేరీ గుమాస్తా కపితోన్ రాస్తున్నాడు. కాగితం అన్నాక పేరూ వయసూ ఇంటి వివరమూ ముందు పెట్టాలన్నాడు. మనవరాలికి రాసే ఉత్తరంలో కూడానా అన్నాను. కూడానే అన్నాడు. అందుకని పెట్టాం. నువ్వు నవ్వుకోకు.

ఉస్త్యా, తల్లీ, సంగతికి వస్తాను. అవిసె నార కొనే ఒసిప్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చాడు. నేను పంపిన పుట్టగొడుగుల జాడీ నీకివ్వడానికి థియేటరుకి వెళ్ళాడట. అక్కడ పిల్లలందరూ గెంతుతున్నారట, నువ్వు మాత్రం గెంతడం లేదట. కుర్చీ పక్కన నిలబడి చేతులు ఊపుతున్నావట. మధ్యమధ్య ఒకదాని దగ్గరికి వెళ్ళి దాని మోచెయ్యి సర్దుతున్నావట. ఇది విన్నప్పటినుంచీ నాకు తిండి లేదు. ఉపవాసాలకి ముందు అట్లు పోసుకునే వారం దగ్గరికొచ్చింది, పిండి కలపడానికి చేతులాడటం లేదు.

ఏ కాలు విరిగింది? దాచకు. కుడిదైతే కూర్చుని చేసే పనులు చాలా ఉన్నాయి. ఎడమదైతే ఇంకా నయం. మీ అమ్మ ఆ థియేటరు బట్టలు ఉతికి ఉతికి చేతులు పాడుచేసుకుంది, ఇప్పుడు నువ్వు కాళ్ళు. నిన్ను తీసేశారని చెప్పడానికి సిగ్గుపడి ఉత్తరం రాయడం లేదని లుకేర్యా అంటోంది. అది ఎప్పుడూ అంతే, ఎదుటివాళ్ళ సిగ్గు ముందు దానికే తెలుస్తుంది. తీసేస్తే వచ్చెయ్. నీ చోటు పొయ్యి పక్క అలాగే ఉంది, దాని మీద ఉల్లిపాయలు ఆరబోశాం గాని తీసేస్తాం.

ఒసిప్ చేతికి బాతు కొవ్వు ఇచ్చి పంపుతున్నాను. విరిగిన చోట రాయి, పైన ఉన్ని గుడ్డ కట్టు.

మీ అమ్మమ్మ.


పీటర్స్‌బర్గ్
1910 ఫిబ్రవరి 20

అమ్మమ్మా,

నా రెండు కాళ్ళూ ఉన్నాయి, రెండూ బాగున్నాయి. బాతు కొవ్వు వృథా కాలేదు, అమ్మాయిలందరూ మోకాళ్ళకి రాసుకున్నారు. ఇప్పుడు సాధన గది అంతా వంటింటి వాసన. పియానో వాయించే ముసలాయన తలుపు తెరవగానే, "ఈ పూట భోజనం ఇక్కడేనా?" అని అడుగుతున్నాడు.

ఒసిప్ మామ చూసింది నిజమే. నేను ఆడటం లేదు, ఆట కూరుస్తున్నాను. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ పాటకి ఏ అడుగు, ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, ఇదంతా ఒకరు ఆలోచించి పెట్టాలి కదా. నువ్వు రొట్టె చెయ్యడానికి ముందు పొయ్యి ముందు నిలబడి ఊరికే చూస్తూ ఉంటావే, అలాంటి పని. ఈ థియేటర్లో ఇంతవరకూ ఆ పని చేసినవాళ్ళంతా మగవాళ్ళు. నేను రెండేళ్ళు అడిగితే, మే నెలలో ఒక చిన్న ఆటకి యజమాని ఒప్పుకున్నాడు. ఇరవై నిమిషాలే. కానీ నచ్చితే, "కూర్చినది ఉస్తీన్యా" అని పోస్టరు మీద వేస్తానన్నాడు. అమ్మమ్మా, ఆ ఒక్క ముక్క పడితే రేపు ఇంకోటి అడగచ్చు. పడకపోతే, ఈ అమ్మాయి ఏదో సాయం చేసింది పాపం అంటారు, అంతటితో సరి.

ఏ ఆట అనుకున్నావు? నువ్వు నేర్పిందే. అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న ఆ చలికాలం, నాకు తొమ్మిదేళ్ళు, మీ ఇంట్లో పొయ్యి చుట్టూ తిప్పి తిప్పి నేర్పావే, ఎండాకాలం త్రిత్వ పండుగకి ఊరి ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే ఆట. ఆడవాళ్ళ బదులు బెంచీలు నిలబెట్టావు. నీళ్ళ బాల్చీని దోమ్నా పిన్ని అన్నావు. దానితోనే మొదలుపెట్టాను. నా దగ్గర పదహారుగురు అమ్మాయిలున్నారు, ఒక్కరూ బాల్చీ కాదు.

అన్నిటికంటే చూసేవాళ్ళకి నచ్చుతున్నది ఆ తల వంచడం. ప్రతి చుట్టులోనూ ఒక చోటికి వచ్చేసరికి ఒకరి వెనక ఒకరు తల వంచి లేస్తారు కదా, గాలికి రై చేను వంగినట్టు ఉంటుంది. మొన్న ఒక ప్రొఫెసరు చూసి, ఇది వెయ్యేళ్ళ నాటి భూమి పూజ అన్నాడు. నిజమేనా? దేనికి వంగుతాం మనం? చెబితే అమ్మాయిలకి చెబుతాను.

ఇక్కడ పాత నాట్యగురువు వికెంతీ అర్నోల్దొవిచ్ రోజూ వచ్చి మూల కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. మెచ్చుకుంటున్నాడనే అనుకుంటున్నాను.

మామయ్యకీ అత్తయ్యకీ దండాలు. నీకు ఒక శాలువా పంపుతున్నాను. దాచుకోకు, కప్పుకో.

నీ ఉస్త్యా.


మాలీ లూగ్
1910 మార్చి 4, ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల మొదటి వారం

పైన చెప్పిన ఫెవ్రోనియానే. మళ్ళీ అంతా రాయించనన్నాను, కపితోన్ ఈ ఒక్క ముక్కకి ఒప్పుకున్నాడు.

కాళ్ళున్నందుకు దేవుడికి కొవ్వొత్తి పెట్టాను. శాలువా బాగుంది. కప్పుకుని బావి దాకా వెళ్ళొచ్చాను. అక్కడ పని లేదు, ఊరికే వెళ్ళొచ్చాను.

ఇప్పుడు నా కోపం విను. ఏ తల వంచడం? ఎవరు వంగమన్నారు? మన ఆటలో వంగడం లేదు. మెడ నిటారుగా, చూపు ఎదుటిదాని నెత్తి మీదగా, అంతే. వంగితే ముందున్నదాని జడ నోట్లో పడుతుంది. నీకు ఎవరో తప్పు నేర్పారు. పట్నంవాళ్ళు కలిపి ఉంటారు, వాళ్ళకి దేనికైనా దండం పెట్టకపోతే తోచదు.

నా ఒక్కదాని మాట ఎందుకని దోమ్నానీ అగాఫ్యానీ మెలానియానీ ఇంటికి పిలిచాను. ఉపవాసాల్లో కాలు కదిపితే పాపం కాబట్టి వేళ్ళతో బల్ల మీద ఆడి చూశాం. నాలుగు జతల వేళ్ళు మూడు చుట్లు తిరిగాయి. ఎక్కడా వంగలేదు. పాదిరిగారు అదే సమయానికి వచ్చి, ఏం చేస్తున్నారమ్మా అన్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే సాగదీస్తున్నాం అంది అగాఫ్యా. దాని పాపం అది చూసుకుంటుంది.

కాబట్టి ఆ వంగడం తీసెయ్. లేకపోతే ఫెవ్రోనియా మనవరాలికి ఆట రాదంటారు. వెయ్యేళ్ళ నాటిదన్నవాడికి నా తరఫున చెప్పు, వాడికి మతి లేదు. ఈ మాట రాయనంటున్నాడు కపితోన్. రాయకపోతే పుట్టగొడుగుల కూర పెట్టనన్నాను. రాస్తున్నాడు.

ఆ మూల కూర్చుని రాసుకునేవాడు మెచ్చుకోవడం లేదు. మెచ్చుకునేవాడికి పెన్సిలెందుకు?

మీ అమ్మమ్మ.


పీటర్స్‌బర్గ్
1910 మార్చి 15

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తరవాత కోపం వచ్చింది, ఇప్పుడు రెండూ కలిపి రాస్తున్నాను. తల వంచమని చెప్పింది నువ్వే. నాకు కలలో కూడా గుర్తుంది. చుట్టు తిరిగి ఆ చోటికి రాగానే, "తల, తల" అని అరిచేదానివి. నేను వంచేదాన్ని, నువ్వూ వంచేదానివి. ఒకసారి మరిచిపోతే చేత్తో నొక్కి వంచావు. ఇప్పుడేమో నాకు ఎవరో తప్పు నేర్పారంటావు. ఎవరు నేర్పుతారు అమ్మమ్మా? ఆ ఆట నేను ఇంకెక్కడా చూడలేదు. త్రిత్వ పండుగ ఎనిమిది వారాలుందనగా అమ్మ లేచి వచ్చి నన్ను నాట్యం బడిలో వేయడానికి తీసుకుపోయింది. పచ్చిక మీద మీరందరూ ఎలా ఆడతారో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు సంగతి అది కాదు. పెన్సిలు గురించి నువ్వన్నదే నిజమైంది. వికెంతీ అర్నోల్దొవిచ్ యజమాని దగ్గరికి వెళ్ళి, ఈ ఆట తను రెండేళ్ళ కిందట మన నొవ్‌గొరొద్ వైపు పల్లెల్లో తిరిగి సేకరించిందన్నాడు. పచ్చిక మీద కళ్ళారా చూసి రాసుకున్నాడట. నోటుపుస్తకం చూపించాడు. అడుగులన్నీ ఉన్నాయి, తల వంచడం కూడా ఉంది. ఎందుకుండదు, నెల రోజులు మూల కూర్చుని రాసుకున్నాక? నేను ఆయన చెప్పినట్టు అమ్మాయిలకి నేర్పిపెట్టానట, చురుకైన పిల్ల అట. పోస్టరు మీద ఆయన పేరు వేసి, కింద చిన్న అక్షరాల్లో నా పేరు వేద్దామన్నాడు యజమాని.

ఆయనకి అరవై ఏళ్ళు, మెడలో పతకం. నాకు ఇరవై తొమ్మిది, నా వైపు సాక్ష్యం ఒక బాల్చీ. మీ ఊళ్ళో వంగడం లేదన్న నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చూపిస్తే, చూశారా, ఈ పిల్లకి సొంత ఊరి ఆటే తెలియదంటారు.

నాకు దారి తోచడం లేదు. నువ్వు తల ఎందుకు వంచమన్నావో గుర్తు తెచ్చుకో.

ఉస్త్యా.


మాలీ లూగ్
1910 మార్చి 27

ఫెవ్రోనియానే.

దొరికింది. ఎలా దొరికిందో చెబుతాను, నిమ్మళంగా కూర్చుని చదువు.

నీ ఉత్తరం కపితోన్ చదివి వినిపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో పతకంవాడు నా మనవరాలి పేరు చిన్న అక్షరాల్లో వేయిస్తాడా? కపితోన్‌కీ కోపం వచ్చింది. అతనికి ఏడాదికోసారి వస్తుంది, అది ఆ రోజు వచ్చింది. విసురుగా లేచి తలుపు వైపు నడిచాడు. మనిషి ఎంత పొడుగో నీకు తెలుసు. నేను అలవాటు చొప్పున, "తల, తల" అన్నాను. అతను వినలేదు. ఠంగుమని తగిలి బెంచీ మీద కూలబడ్డాడు. ఇప్పుడు నుదుట గుడ్డ కట్టుకుని రాస్తున్నాడు.

దూలం తల్లీ. అటక దూలం. పొయ్యికీ తలుపుకీ మధ్య అడ్డంగా ఉంటుందే, మీ తాత పొట్టివాడు కాబట్టి తన ఎత్తుకి కట్టుకున్నాడు. మిగతా అందరూ వంగి పోవలసిందే. ఆ చలికాలం నిన్ను పొయ్యి చుట్టూ తిప్పినప్పుడు ప్రతి చుట్టుకీ దాని కింద నుంచే పోయాం. నీకు అప్పటికి తగలదు, కానీ నేను వెనక నుంచి వస్తూ నాకు నేనే చెప్పుకునేదాన్ని, పైగా నువ్వు ఎగిరెగిరి అడుగు వేసేదానివి, ఎగిరితే తగులుతుందని నొక్కేదాన్ని. నువ్వేమో అది ఆటలో భాగమనుకున్నావు. ఇరవై ఏళ్ళు దాచుకుని పదహారుగురు పట్నం పిల్లల చేత మా ఇంటి దూలం కింద తలలు వంపించావు.

దోమ్నాకి చెప్పాను. అది నవ్వి నవ్వి బెంచీ మీద పడుకుంది. వెయ్యేళ్ళ నాటి భూమి పూజట, మా ఆయన కట్టి యాభై ఏళ్ళు కాలేదు, ఆ దూలానికి ఇప్పటికీ దెమ్యాన్ బూట్లు వేలాడుతున్నాయి.

ఇప్పుడు తీసెయ్ అననులే. రై చేనులా ఉందన్నావు కదా, ఉంచు.

ఇక వాడి పని. నువ్వు ముందు ఏమీ చెప్పకు. యజమాని ముందు, అందరూ ఉండగా, ఆ పెద్దమనిషిని మర్యాదగా అడుగు. అయ్యా, తమరు పచ్చిక మీద చూశారు కదా, వాళ్ళు దేనికి వంగుతారు, ఏ ఊళ్ళో, ఎవరు చెప్పారు అని. వాడు చెప్పనీ. బాగా చెప్పనీ. పచ్చిక మీద దూలం ఎక్కడిది? మా ఊళ్ళో గాని పక్క ఊళ్ళో గాని ఆకాశం కింద ఆడేటప్పుడు తల వంచే ఆడది ఒక్కతీ లేదు. ఆ వంగడం ఉన్నది మా ఇంట్లో, దాన్ని చూసింది నువ్వు ఒక్కదానివి. వాడి పుస్తకంలోకి వచ్చిందంటే నీ దగ్గర నుంచే వచ్చింది.

ఆ తరవాత ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆ ఆట నాది, ఫెవ్రోనియాది, నా పొయ్యి చుట్టూ పుట్టింది, దాన్ని ముట్టుకున్నవాడి పెన్సిలు విరగ్గొడతాను. ఈ ముక్క రెండుసార్లు చదువు.

మీ అమ్మమ్మ. నుదుటి కట్టుతో రాసినవాడు కపితోన్.


పీటర్స్‌బర్గ్
1910 ఏప్రిల్ 9

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. సాధన అయ్యాక, యజమానీ అమ్మాయిలూ పియానో ముసలాయనా అందరూ ఉండగా, ఎంత మర్యాదగా అడగాలో అంత మర్యాదగా అడిగాను. వికెంతీ అర్నోల్దొవిచ్‌కి సంతోషం వేసింది. కుర్చీలో వెనక్కి వాలి పావుగంట చెప్పాడు. త్రిత్వ పండుగ నాడు, సూర్యుడు నెత్తి మీద ఉండగా, విశాలమైన పచ్చిక మీద, ఒక్క చెట్టు నీడ కూడా లేని చోట, భూమాతకి మొక్కుతూ వంగారట. తెల్ల గుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ కన్నీళ్ళతో తనకి చెప్పిందట. యజమాని తల ఊపుతూ విన్నాడు.

అప్పుడు నీ ఉత్తరం తీశాను. కపితోన్ మామ నుదురు ఠంగుమన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మాయిలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. యజమాని పెద్దగా నవ్వలేదు గాని మీసం కదిలింది. వికెంతీ అర్నోల్దొవిచ్ లేచి, పల్లెలు చాలా ఉంటాయి, దూలాలు కూడా చాలా ఉంటాయి అన్నాడు. యజమాని, "పచ్చిక మీదనా?" అన్నాడు. ఆయన తన టోపీ కోసం వెతుక్కున్నాడు, చేతిలోనే ఉంది.

నేను గెలిచాననుకున్నాను. కానీ నువ్వు రెండుసార్లు చదవమన్న ముక్క ఉంది కదా, అది రెండుసార్లు చదివాను. యజమాని ఆగి, "ఏమన్నారు మీ అమ్మమ్మ, ఆట ఆవిడదనా?" అన్నాడు. అవునన్నాను. అయితే ఇంకేం అన్నాడు. వికెంతీదీ కాదు, నీదీ కాదు, ఊరి ఆట. ఊరి ఆటకి కూర్చినవాళ్ళ పేరు ఎందుకు, "నొవ్‌గొరొద్ పల్లె ఆట" అని వేస్తే చాలు, గొడవా ఉండదు అన్నాడు. పోస్టర్లు మే ఆరున అచ్చుకి వెళ్తాయి.

రాత్రంతా ఆలోచించాను. ఆయనది తప్పని ఎలా చెప్పను? అడుగు నీది, చుట్టు నీది, తల వంచడం తాతయ్య దూలానిది. నాది ఏముంది? ఆట మొత్తం కాగితాల మీద రాసి దీనితో పంపుతున్నాను, కపితోన్ మామ చదివితే అర్థమయ్యేలా రాశాను. నువ్వు చూసి, ఇది మన ఆటే అంటే, పేరు కోసం ఇంక పోట్లాడను. కావాలంటే నీ పేరే వేయమంటాను. అలిగి రాయడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

ఈస్టరు గుడ్లకి ఎర్ర రంగు పొట్లం ఇందులో పెట్టాను. ఉల్లి పొట్టు రంగు చాలని నువ్వంటావు, అయినా పెట్టాను.

ఉస్త్యా.


మాలీ లూగ్
1910 ఏప్రిల్ 27

ఉస్త్యా, ఇది నీకు రాసిన ఉత్తరమే, కానీ యజమాని ముందు, పిల్లలందరి ముందు చదువు. అందుకని కపితోన్ చెప్పినట్టు పద్ధతిగా మొదలుపెడుతున్నాను.

ఫెవ్రోనియా సావెల్యెవ్నా అనే నేను, వయసు డెబ్బై నాలుగు, కొడుకు ఇంట్లో ఉంటున్నదాన్ని, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పే మాట. కిందటి ఉత్తరంలో ఆ ఆట నాది అన్నాను. కోపంలో అన్నాను. అది నిజం కాదు. ఎందుకు కాదో చెబుతాను, యజమానిగారు మీసం సర్దుకుని వినాలి.

నా మనవరాలు పంపిన కాగితాలు పదకొండు. ఉపవాసాలు కాబట్టి ఈస్టరు దాకా ముట్టుకోలేదు. ఈస్టరు తరవాతి ఆదివారం, ఈ నెల ఇరవై ఐదున, మా ఊళ్ళో ఏడాదికి మొదటిసారి ఆట మొదలయ్యే రోజు, నాతో కలిపి పదహారుగురు అయ్యేలా ఆడవాళ్ళని పచ్చిక మీదికి పిలిచాను. నిలబడగలిగినవాళ్ళనే పిలిచాను, అయినా దోమ్నా వచ్చింది. కపితోన్ బండి మీద నిలబడి కాగితం చదివాడు, మేం ఆడాం.

మొదటి కాగితం మాకు వచ్చు. రెండో కాగితం కూడా వచ్చు. మూడో కాగితంలో, చుట్టు తెగాలి, ఒకత్తె బయటికి పోవాలి, మిగతావాళ్ళు ఆమెని వదిలేసి చేతులు కలుపుకోవాలి అని ఉంది. మేం అందరం ఆగిపోయాం. మా ఊళ్ళో చుట్టు తెంపరు. తెంపితే ఆ ఏడు రై పండదు. మా అమ్మ తెంపలేదు, వాళ్ళ అమ్మ తెంపలేదు. చెయ్యి వదిలేది ఎవరని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. అగాఫ్యా వదలనంది. దోమ్నా మొగుడు గట్టు మీద నుంచి వద్దని కేకలేశాడు. కాగితం మళ్ళీ చదవమన్నాం, మళ్ళీ అలాగే ఉంది. చివరికి నేనే వదిలాను. పంట పోతే ఆ మాట నేను పడతాను, నా మనవరాలు కాదు.

నా పక్కన ఉన్నది మెలానియా. అది ఏటి ఆవలి ఊరి నుంచి ముప్పై ఏళ్ళ కిందట మా ఊరికి కోడలుగా వచ్చింది. దాన్ని బయటికి పంపి మేం చేతులు కలిపాం. కాగితంలో రాసినట్టు అది చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి భుజం దగ్గర ఆగింది. మేం రానివ్వలేదు. నాలుగోసారి ఆగి, "నన్ను రానివ్వరేం?" అంది. అది కాగితంలో లేదు.

"ఇది ఆటే మెలానియా," అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా ఆటేనా?" అంది.

కపితోన్ చదవడం ఆపేశాడు. తరవాతి కాగితం చదవరా అన్నాను. అందులో, చుట్టు లోపల నుంచి విడిపోయి, బయట ఉన్నదాని చెయ్యి పట్టుకుని, ఆమె ఎటు నడిస్తే అందరూ అటు నడవాలి అని ఉంది. పట్టుకున్నాం. మెలానియా మమ్మల్ని పిండి మర దాకా తీసుకుపోయింది, అక్కడ నుంచి కంచె పక్కగా మళ్ళీ పచ్చిక మీదికి. దాని మొగుడు తింటున్నవాడు చెంచా చేత్తో పట్టుకుని బయటికొచ్చి చూశాడు. అది ఆగలేదు. ఆ కాగితం అయిపోయాక కూడా ఆగలేదు. నా మోకాళ్ళు మొత్తుకుంటున్నా నేనూ ఆపమనలేదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. పదహారుగురిలో ఒక్కదాన్ని బయట నిలబెట్టాలని ఎవరికి తోస్తుంది? చుట్టు లోపలే పుట్టి పెరిగిన నాకు డెబ్బై నాలుగేళ్ళలో తోచలేదు. చలికాలమంతా పొయ్యి చుట్టూ తిరిగి అంతా నేర్చుకుని, పండుగ వస్తుందనగా బండెక్కించుకుపోతే, పచ్చిక మీద అడుగు పెట్టని పిల్లకి తోస్తుంది. ఆ రోజు బండిలో అది వెనక్కి తిరిగి చూడలేదు. చిన్నపిల్ల, పట్నం మీద మోజు అనుకున్నాను. తప్పు అనుకున్నాను. నన్ను మన్నించు ఉస్త్యా. ఇది చదివేటప్పుడు గొంతు తడబడితే పియానో ముసలాయన్ని చదవమను.

యజమానిగారూ, నేను నేర్పింది నడక. దూలం నేర్పింది వంగడం. ఈ రెండూ మీకు ఏ పల్లెలోనైనా ఊరికే దొరుకుతాయి, తీసుకోండి. మూడో కాగితం నుంచి పదకొండో కాగితం దాకా మాది కాదు. మాదైతే ఈ పదహారుగురం పూటంతా కింద పడుతూ లేస్తూ నేర్చుకునేవాళ్ళం కాదు. దోమ్నా రెండుసార్లు పడింది, సాక్ష్యం ఉంది. పల్లె ఆట అని మీరు రాస్తే, ఆ పల్లె మేమే కాబట్టి, కాదని మేం చెబుతున్నాం.

త్రిత్వ పండుగకి ఇది మళ్ళీ ఆడతామని మా ఆడవాళ్ళు అంటున్నారు. దెమ్యాన్ పంట సంగతేంటని సణుగుతున్నాడు, రెండు చుట్లు మామూలుగా ఆడి తరవాత ఇది ఆడతామని ఒప్పించాం. ఎవరైనా చూసి ఈ ఆట ఎవరిదంటే ఉస్తీన్యాది అని చెబుతాం. అక్షరాలు రాని మేమే చెబుతున్నప్పుడు, అచ్చు యంత్రం ఉన్న మీకు రాయడానికి ఏం అడ్డం? పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఆ పోస్టరు ఒకటి ఒసిప్ చేతికి ఇచ్చి పంపండి, అందులో ఏ గుర్తులు దాని పేరో కపితోన్ నాకు వేలితో చూపిస్తాడు.

ఇది నేను చెప్పగా రాసింది, చదివి వినిపించగా సరేనన్నది.

ఫెవ్రోనియా సావెల్యెవ్నా నిశానీ: ✕ ✕ ✕

సాక్షులు, ఆట ఆడినవాళ్ళు:
దోమ్నా, చక్రాల ఎఫీమ్ భార్య, నిశానీ ✕
అగాఫ్యా, విధవ, నిశానీ ✕
లుకేర్యా, కోడలు, నిశానీ ✕
మిగతా పదకొండుగురి నిశానీలు కాగితం వెనక ఉన్నవి.
దస్తూరీ: కపితోన్, కచేరీ గుమాస్తా

మెలానియా, ఏటి ఆవలి ఊరిది కాదు, మాలీ లూగ్‌ది, నిశానీ ✕